అప్పు చేసి దశమభాగం తేవొద్దని మీరే చెప్పండి, అయ్యగార్లూ

ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల సంఘ కాపరులకు, సంఘ పెద్దలకు, ఊరూరా ఉజ్జీవ సభలు నడిపే సేవకులకు,

ప్రభువు పేరున వందనాలు.

నేను మునుగోడు దగ్గర ఒక చిన్న ఊళ్ళో ఉంటాను. మా సంఘంలో నలభై ఒక్క కుటుంబాలు. ఆరేళ్ళుగా కానుకల లెక్క నా చేతిలోనే ఉంది. ఆదివారం ఆరాధన అయిపోయి అందరూ ఇళ్ళకు పోయాక, ఇద్దరు పెద్దల ఎదుట చాప మీద సంచి బోర్లించి, కవర్లు ఒక్కొక్కటే విప్పి నోటుబుక్కులో రాస్తాను. పేరు చూడకపోయినా ఏ కవరు ఎవరిదో చెప్పగలను. కొందరు అన్నం మెతుకుతో అంటిస్తారు. కొందరి నోట్లు నాలుగు మడతల మీద ఉంటాయి, కొంగున ముడేసిన మడత ఎంత సాపు చేసినా పోదు. పత్తి ఏరిన కూలి చేతికొచ్చిన వారం చిల్లర నోట్లు ఎక్కువ. పింఛను పడిన వారం కొన్ని కవర్లలో సరిగ్గా 202 రూపాయలు ఉంటాయి. 2,016 రూపాయల పింఛనులో పదో వంతు 201 రూపాయల 60 పైసలు. పైసల దగ్గర కూడా దేవునికి తక్కువ కాకూడదని నిండు రూపాయి చేసి వేసే ముసలమ్మలు మా సంఘంలో ఐదుగురు ఉన్నారు.

ఇది ముందుగా ఎందుకు చెప్తున్నానంటే, నేను కానుకలు వద్దనే మనిషిని కాను. ఇవ్వడంలో ఉండే సంతోషం ఏమిటో ఆ ఐదుగురి ముఖాల్లో చూశాను. నేనూ నా జీతంలో పదో వంతు, అదే దశమభాగం, తీస్తాను. ప్రైవేటు బడిలో పాఠాలు చెప్తాను, ఒకటో తారీఖు కాకపోయినా పదో తారీఖుకైనా డబ్బు పడుతుంది, తీసి పక్కన పెట్టడం నాకు కష్టం కాదు. కానీ నెల జీతం ఉన్నవాళ్ళకు పది శాతం ఒక లెక్క, వానను నమ్ముకుని కౌలుకు చేసేవాళ్ళకు అది ఇంకో లెక్క. ఈ రెండో లెక్క గురించి మీతో మాట్లాడాలని ఏడాదికి పైగా అనుకుంటున్నాను. మా అయ్యగారితో ఒక్కరితో మాట్లాడితే సరిపోయే సంగతి కాదిది, అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

2024 నవంబరులో మా కోత పండుగ జరిగింది. మా ఊళ్ళో క్రిస్మస్ తర్వాత అంత పెద్ద పండుగ అదే. గుమ్మడికాయలు, సొరకాయలు, సంచెడు కొత్త బియ్యం, కాళ్ళు కట్టిన కోడిపుంజు, బత్తాయిలు, పత్తి మూట, అన్నీ బలిపీఠం ముందు పేరుస్తారు. తర్వాత వేలం. ఒక్క కోడిగుడ్డు చేతులు మారుతూ మారుతూ ఐదు వందలకు పోతుంది, కొన్నవాడే మళ్ళీ దాన్ని వేలానికి ఇస్తాడు. పిల్లలు కేకలు పెడతారు. ఆ రోజంటే నాకు ప్రాణం. ఆ రోజే పంట దశమభాగాలు కూడా తెస్తారు, ఎవరెంత తెచ్చారో మైకులో చదువుతారు.

ఆ సాయంత్రం కవర్లు విప్పుతుంటే మా అమ్మ కవరు వచ్చింది. లోపల 11,880 రూపాయలు. అందులో ఇరవై నోట్లు ఐదు వందలవి, ఒక్క మడత లేదు, అప్పుడే కట్టలోంచి తీసినట్టు కరకరలాడుతున్నాయి. మా అమ్మ ఇంట్లో కొత్త నోట్లు ఎక్కడివి? పెద్దలు ఎదురుగా ఉన్నారు కాబట్టి ఏమీ అనకుండా రాసుకున్నాను. రాసే చెయ్యి వణికింది.

రాత్రి ఇంటికి పోయి అడిగాను. చెప్పలేదు. కాళ్ళ వైపు చూశాను. నాకు ఊహ తెలిసినప్పటినుంచి ఆమె కాళ్ళకున్న వెండి కడియాలు లేవు. చండూరులో సేటు దగ్గర కుదువ పెట్టి పదివేలు తెచ్చింది, నూటికి మూడు రూపాయల వడ్డీ.

"ఎందుకమ్మా ఇట్ల జేసినవ్?" అన్నాను.

"మరేం జెయ్యాలె బిడ్డా? విత్తనాలు వేసిననాడు అయ్యగారితోని ప్రార్థన జేయించుకుంటిమి. పంటొస్తే దేవుని భాగం తెస్తనని ఒప్పుకుంటిమి. ఇయ్యకపోతే దొంగతనమైతదంట గదా. ముసలిదాన్ని, దొంగనై సావాల్నా?"

ఆ మాటకు నా దగ్గర అప్పుడు జవాబు లేదు. ఇప్పుడు ఉంది, అది ఆమెకు నేను చెప్తే సరిపోదు. మీరు చెప్తేనే ఆమె నమ్ముతుంది.

ముందు ఆ 11,880 రూపాయల లెక్క వినండి. మా తమ్ముడు, అమ్మ కలిసి మూడెకరాలు కౌలుకు పట్టి పత్తి పెట్టారు. పద్దెనిమిది క్వింటాళ్ళు వచ్చింది. ఆ ఏడు పొడుగు పింజ పత్తికి ప్రభుత్వ మద్దతు ధర క్వింటాలుకు 7,521 రూపాయలు. కానీ పాసుబుక్కు మా పేరున లేదు, పైగా మొదటి ఏరుడు పత్తిలో తేమ ఎక్కువుంది. ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ కేంద్రంలో తేమ 12 శాతం దాటితే తీసుకోరు. అందుకని ఊరి మీదికి వచ్చిన వ్యాపారికే 6,600 చొప్పున అమ్మారు. మొత్తం 1,18,800. ఇక ఖర్చు. కౌలు 36,000. దున్నకం, గుంటక 14,000. విత్తనాలు 5,200. ఎరువులు 15,000. పురుగు మందులు 9,000. కలుపు కూలీలు 10,800. ఏరిన కూలి కిలోకు పది రూపాయల చొప్పున 18,000. బండి కిరాయి 2,000. కలిపితే 1,10,000. తమ్ముడు, మరదలు, అమ్మ ముగ్గురూ ఆరు నెలలు చేసిన చాకిరీకి కూలి కట్టలేదు. అప్పు తెచ్చిన పెట్టుబడికి వడ్డీ కూడా కలపలేదు.

మిగిలింది 8,800. చెల్లించిన దశమభాగం 11,880.

మా అమ్మ బడికి పోలేదు. వచ్చిన మొత్తంలో పదో వంతు ఎంతో మనవడితో ఫోన్లో లెక్క కట్టించుకుంది. వచ్చింది వేరు, మిగిలింది వేరు అని ఆమెకు తెలియక కాదు. రైతు ఇంట్లో పుట్టిన మనిషి, ఆ తేడా మనకంటే ఆమెకే బాగా తెలుసు. "రాబడి అంతటిలో" అని మందిరంలో విన్నది, అంతే. మీలో కొందరు ఖర్చులు తీసేసి మిగిలిన దాంట్లో ఇవ్వండని చెప్తారని నాకు తెలుసు. చాలామంది ఆ ముక్క చెప్పరు. అడిగితే "దేవునితో లెక్కలా?" అంటారు. వ్యాపారితో లెక్క, సేటుతో లెక్క, పట్టాదారుతో లెక్క పెట్టుకుని బతికే మనిషికి దేవుని దగ్గరైనా న్యాయమైన లెక్క దొరకొద్దా?

దొంగతనం అన్న మాట బైబిల్లో మలాకీ గ్రంథం మూడో అధ్యాయం ఎనిమిదో వచనంలోది. ప్రతి ఆరాధనలో చందా పట్టే ముందు ఎనిమిది నుంచి పది దాకా చదువుతాం, మా సండే స్కూలు పిల్లలకు కూడా కంఠస్థం. నేను ఆ రాత్రి నిద్ర పట్టక ఆ అధ్యాయం మొదటినుంచి చదివాను. ఐదో వచనం దగ్గర ఆగిపోయాను. కూలివాని కూలి విషయంలో అన్యాయం చేసేవాళ్ళ మీద, విధవరాలిని, తండ్రి లేనివాళ్ళను, పరదేశిని బాధపెట్టేవాళ్ళ మీద నేనే సాక్షిగా నిలబడతానని దేవుడు అక్కడ అంటున్నాడు. మూడు వచనాల దూరమే. అసలు ఆ గ్రంథంలో ముందు తిట్లు తిన్నది రైతులు కాదు, యాజకులు. గుడ్డివి, కుంటివి తెచ్చి బలిపీఠం మీద పెడుతున్నారని మొదటి అధ్యాయమంతా వాళ్ళనే అడుగుతాడు. నా చిన్నతనం నుంచి ఈ ముప్పై ఏళ్ళలో ఆ ఐదో వచనం మీద చందాకు ముందు ఒక్క ప్రసంగం కూడా నేను వినలేదు అయ్యగారూ.

ఆ తర్వాత దశమభాగం మాట ఎక్కడెక్కడ ఉందో వెతికి చదవడం మొదలుపెట్టాను. పండితురాలిని కాను, మన తెలుగు బైబిలు ఒక్కటే నా దగ్గరుంది. ద్వితీయోపదేశకాండం పద్నాలుగో అధ్యాయం చూసి ఆశ్చర్యపోయాను. ఏటేటా తీసిన పదో వంతును ఇంటిల్లిపాదీ దేవుని సన్నిధికి తీసుకుపోయి అక్కడ తినమన్నాడు. దూరమైతే అమ్మి, ఆ డబ్బుతో అక్కడ ఏది తినాలనిపిస్తే అది కొనుక్కుని సంతోషించమన్నాడు. మూడో ఏట మాత్రం దాన్ని ఊళ్ళోనే గుమ్మం దగ్గర ఉంచమన్నాడు. ఎవరికి? మందిర సేవ చేసే లేవీయులకు, పరదేశులకు, తండ్రి లేని పిల్లలకు, విధవరాండ్రకు, వాళ్ళు వచ్చి కడుపునిండా తినేటట్టు. మా అమ్మ విధవరాలు. ధర్మశాస్త్రం ప్రకారమే చూస్తే ఆమె ఆ కుప్ప దగ్గరికి చేట పట్టుకుని రావాల్సిన మనిషి. మనం ఆమెతో కడియాలు కుదువ పెట్టించాం.

ఇంకొకటి నా మనసులో బాగా దిగిపోయింది. లేవీయులకు దశమభాగం ఎందుకిచ్చారు? సంఖ్యాకాండం పద్దెనిమిదో అధ్యాయం చెప్తుంది, మిగతా గోత్రాలకు భూమి వచ్చింది, వాళ్ళకు రాలేదు కాబట్టి. భూమి ఉన్నవాడు భూమి లేనివాడికి ఇచ్చిన భాగమది. మా సంఘంలో నలభై ఒక్క కుటుంబాల్లో ఇరవై ఆరు కుటుంబాలకు గుంట భూమి లేదు. మన ప్రాంతపు సంఘాలు చాలా మటుకు ఇలాంటివే. మన తాతల కాలంలో వాక్యం విని ముందు వచ్చింది మాదిగ, మాల వాడల వాళ్ళు. వాళ్ళ పేరున పట్టాలు ఎప్పుడున్నాయి? రైతుబంధు పడితే పట్టాదారుకే పడింది, కౌలు చేసినవాడికి పడలేదు. భూమి లేనివాడి మీద భూమి ఉన్నవాడి లెక్క మోపితే అది లేవీయకాండమూ కాదు, సువార్తా కాదు.

భూమి లేనివాళ్ళ కోసం దేవుడు వేరే ఏర్పాటు చేశాడు. పొలం అంచులు కోయకుండా వదలమన్నాడు, రాలిన పరిగె ఏరుకోనివ్వమన్నాడు. భర్త పోయిన రూతు అలాగే బోయజు పొలంలో ఏరుకుంది. సాయంత్రానికి దుళ్ళగొడితే ఇంచుమించు తూమెడు యవలు వచ్చాయి. ఎత్తుకుని ఇంటికి పోయి అత్తకు చూపించింది, తాను తిని మిగిలింది అత్త చేతిలో పెట్టింది. అందులో పదో వంతు ఎక్కడైనా తీసిపెట్టినట్టు ఆ గ్రంథంలో లేదు. మా ఊళ్ళో కూడా ఆడవాళ్ళు చివరి ఏరుడు అయిపోయిన చేలల్లో పడి, ఎండిన కాయల్లో మిగిలిన పత్తి గీరుకొస్తారు. రోజంతా గీరితే మూడు నాలుగు కిలోలు. ఆ పత్తి అమ్మిన డబ్బులోంచి కూడా నా దగ్గరికి కవరు వస్తుంది.

బలుల సంగతికి వస్తే, గొర్రెపిల్లను తేలేనివాడు రెండు గువ్వలు తేవచ్చు, అవీ దొరకనివాడు కొంచెం పిండి తేవచ్చు అని లేవీయకాండం ఐదో అధ్యాయంలో ఉంది. మనిషి చేతిలో ఏముందో చూసి దేవుడే మెట్టు దిగొచ్చాడు. యేసు ప్రభువును మందిరానికి తెచ్చినప్పుడు మరియమ్మ, యోసేపు ఏం తెచ్చారో లూకా రెండో అధ్యాయంలో చూడండి. గువ్వల జతో, పావురపు పిల్లలో. గొర్రెపిల్ల కాదు. పేదవాళ్ళ కానుక పట్టుకుని వచ్చిన తల్లి ఒళ్ళో ఉన్నాడు ఆయన. ఎవరైనా ఆమె పేరు మైకులో చదివి ఇంతేనా తెచ్చింది అన్నారా?

ఇక మా ఊరి పురుగు సంగతి. మలాకీలోనే పదకొండో వచనం ఉంది, మీ పంటను తినే పురుగును గద్దిస్తానని. నల్గొండలో ఒక సభకు మా ఊరి నుంచి ఆటో కట్టుకుని పోయాం. బయటినుంచి వచ్చిన ప్రసంగీకుడు, ఆయన పేరు ఇక్కడ అవసరం లేదు, ఆ వచనం చదివి అన్నాడు: గులాబీ పురుగు ఎందుకొస్తోందో మీకు తెలుసా, మీరు దేవుని భాగం దాచుకుంటున్నారు కాబట్టి. నా పక్కన కూర్చున్న పెద్దమ్మ తల దించుకుని ఏడ్చింది. ఆమెవి ఎకరంన్నర, పోయిన ఏడు కాయ విప్పితే లోపలంతా పురుగే. ఆ కాయను నేను కూడా పట్టుకుని చూశాను. పైకి పచ్చగా, బాగానే ఉంది. గోరుతో చీలిస్తే గింజలు తొలిచి, దూది పసుపుపచ్చగా మారి, సన్నటి గులాబీ రంగు పురుగు ముడుచుకుని పడుకునుంది. బీటీ విత్తనాన్ని తట్టుకోవడం ఆ పురుగు నేర్చుకుని చాలా ఏళ్ళయింది. లింగాకర్షక బుట్టలు పెట్టాలి, పంట కాలం పొడిగించకూడదు, పత్తి కట్టె చేలో నిలవ ఉంచకూడదు అని వ్యవసాయాధికారులు మొత్తుకుంటారు. దశమభాగం ఇచ్చినవాడి చేనును వదిలేసి ఇవ్వనివాడి చేలో దిగడం ఆ పురుగు చేసే పని కాదు. పెద్దమ్మ ఏనాడూ కవరు తప్పలేదు, నా నోటుబుక్కే సాక్ష్యం. ఆమె ఆ రాత్రి ఇంటికొచ్చి తాను ఏ పాపం చేసిందో అని వెతుక్కుంది. అయ్యగార్లూ, పంట పోయినవాళ్ళ నెత్తిన పాపం కూడా పెట్టకండి. మందుల డబ్బా ఎత్తి తాగే చేతులున్న జిల్లాలు మనవి. ఏ మాట ఎవరి చెవిన ఏ రాత్రి ఎలా పడుతుందో మనకు తెలియదు.

ఆ సభలోనే "విత్తనం వేయండి, నూరంతలు కోయండి" అన్నారు. విత్తనం గురించి మాకు తెలుసు. రోహిణి కార్తెలో పొడి దుక్కిలో వేసి, మృగశిరకు వాన పడకపోతే భూమిలోనే మాడిపోయిన విత్తనం మాకు తెలుసు. మళ్ళీ ప్యాకెట్లు కొనడానికి అప్పు కోసం తిరిగిన కాళ్ళు మావి. వాన రానందుకు విత్తినవాడి విశ్వాసం తక్కువైందని మా ఊళ్ళో ఏ రైతూ ఇంకో రైతును అనడు.

విధవరాలి రెండు కాసుల గురించి కూడా ఒక మాట చెప్పనివ్వండి, ఎందుకంటే మా ముసలమ్మల కవర్లు చూపించి ప్రతిసారీ చెప్పేది ఆ కథే. ఆమె తనకున్న జీవనమంతా వేసింది, ప్రభువు చూశాడు, మెచ్చుకున్నాడు. నిజమే. మార్కు పన్నెండో అధ్యాయంలో దానికి సరిగ్గా ముందు ఏముంది? దీర్ఘ ప్రార్థనలు చేస్తూ విధవరాండ్ర ఇళ్ళు మింగేసే, ధర్మశాస్త్రం బోధించే శాస్త్రుల విషయంలో జాగ్రత్త అని అప్పుడే చెప్పి, కానుక పెట్టె ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. ఆమె మనసును మెచ్చుకున్నాడు సరే, ఆమె చేతిలో రెండు కాసులే మిగిలేటట్టు చేసినవాళ్ళ సంగతి కూడా ఆయన అప్పుడే చెప్పి ఉన్నాడు. ఈ రెండు ముక్కలూ కలిపి చదవండి, అంతే నేను అడుగుతున్నది.

మా తమ్ముడి కొడుకు ఆ ఏడు ఇంటర్. కాలేజీ ఫీజు కట్టలేదని హాల్‌టికెట్ ఇవ్వడానికి నాలుగు రోజులు తిప్పారు. చివరికి నేను కట్టాను. తల్లిదండ్రులకు ఇవ్వాల్సింది దేవునికి ఇచ్చేశానంటూ కొర్బాను పేరు చెప్పి తప్పించుకునేవాళ్ళను యేసు ప్రభువు ఎంత గట్టిగా మందలించాడో మీకు నేను చెప్పాలా? సొంత ఇంటివాళ్ళను చూసుకోనివాడు అవిశ్వాసి కంటే చెడ్డవాడని పౌలు తిమోతికి రాశాడు. పిల్లవాడి ఫీజు, ముసలమ్మ బీపీ గోళీలు, సేటు వడ్డీ, ఇవి దేవుని భాగానికి పోటీ కాదు. మనిషికి ఉన్నదాన్ని బట్టే కానుక ప్రీతికరం, లేనిదాన్ని బట్టి కాదు అని కొరింథీయులకు రాసిన రెండో పత్రిక ఎనిమిదో అధ్యాయంలో ఉంది. అప్పు తెచ్చిన డబ్బు ఉన్న డబ్బు కాదు.

మీ బాధ నాకు తెలియక కాదు. మా అయ్యగారు మూడు ఊళ్ళకు బండి మీద తిరుగుతారు. జీతం అంటూ ఎక్కడినుంచీ రాదు, సంచిలో పడిందే. వానాకాలంలో సంచి తేలికైతే వాళ్ళింట్లో పొయ్యి కూడా తేలికవుతుంది. అమ్మగారు మిషన్ కుడతారు. చావు దగ్గరికి, కాన్పు దగ్గరికి, అర్ధరాత్రి దయ్యం పట్టిందన్న ఇంటికి మొదట పరిగెత్తేది ఆయనే. పనివాడు జీతానికి పాత్రుడని వాక్యమే చెప్తోంది. యూదా దేశపు అధిపతి నెహెమ్యా కాలంలో లేవీయులకు భాగాలు అందక పొలాలకు పారిపోయారు కదా, ఆయన పట్టించుకుని నమ్మకమైన మనుషులను కొట్ల మీద పెట్టాడు. అదే నెహెమ్యా, ఐదో అధ్యాయంలో, జనం తిండి గింజల కోసం పొలాలు కుదువ పెట్టుకున్నారని విని పెద్దమనుషులను పిలిచి నిలదీశాడు. జనం మీద భారం ఎక్కువగా ఉందని అధిపతిగా తనకు రావాల్సిన భత్యం పన్నెండేళ్ళు తీసుకోలేదు. కాపరి ఆకలి తీరడం, మంద అప్పుల పాలు కాకపోవడం, రెండూ ఒకే మనిషి చేయగలిగాడు. పట్నాల్లో జీతాలున్న సంఘాలు ఉన్నాయి, ఏసీ మందిరాలు ఉన్నాయి, తెర మీద ఫోన్‌పే కోడ్ చూపించే చోట్లు ఉన్నాయి. ఒక్కో పట్నం సంఘం మా వంటి రెండు ఊళ్ళ అయ్యగార్లను చూసుకుంటే, మా వాళ్ళు మా ముసలమ్మల పింఛను మీద ఆధారపడే అవసరం ఉండదు. ఈ మాట పట్నం సంఘ పెద్దలు ప్రత్యేకంగా వినాలని కోరుతున్నాను.

మన తెలుగు సంఘాల చరిత్రే తీసుకోండి. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాల్వ తవ్వకంలో కాంట్రాక్టు పట్టి ఆకలిగొన్నవాళ్ళకు పని పెట్టాడు. తిండి కోసం చేరారన్న మాట రాకూడదని కరువు నడిచిన కాలంలో బాప్తిస్మాలు ఆపాడు. తర్వాత 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మెదక్ గుడి 1914లో మొదలై 1924లో పూర్తయింది, కరువు కాలంలో పనిచేసిన కూలీల చేతులు కట్టిన గుడి అది. ఆ రోజుల్లో సంఘం అంటే ఆకలిగా ఉన్నవాడి చేతికి కూలి వచ్చే చోటు. మన పెద్దలు ఊరికే వాక్యం విని రాలేదు, మమ్మల్ని మనుషులుగా చూసే చోటు ఒకటుందని వచ్చారు.

మా సంఘంలో ఏం చేశామో కూడా చెప్తాను, గొప్ప కోసం కాదు. కోత పండుగ అయిన రెండు వారాలకు పెద్దల మీటింగులో అమ్మ సంగతి చెప్పాను. నోరు తెరవడం కష్టమైంది, మా ఇంటి గుట్టు కదా. ఒక పెద్దమనిషి, "నీ తల్లి విశ్వాసంతో ఇచ్చింది, నువ్వెందుకు పాడుచేస్తావు" అన్నాడు. ఇంకొకాయన లేచి బయటికి పోయాడు. అయ్యగారు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "పేర్లు చదవడం ఆపేద్దాం" అన్నారు. ఆ ఒక్కదానికే అందరూ ఒప్పుకున్నారు. అప్పటినుంచి మైకులో ఎవరి పేరూ, ఎవరి మొత్తమూ చదవడం లేదు. కానుక తగ్గింది. మొదటి నాలుగు నెలలు బాగా తగ్గింది, ఇప్పుడు కొంత పెరిగినా మునుపటంత లేదు. ఇది దాచను. ఆ తేడాలో ఎంత భాగం సేటు దగ్గర తెచ్చిన డబ్బో నాకు తెలుసు కాబట్టి, తగ్గిందని నేను బాధపడలేదు.

స్త్రీల సమాజం ఇంకో పని చేసింది. మా అవ్వ కాలంలో పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా బియ్యం కడగకముందే ఒక పిడికెడు తీసి గురిగిలో వేసేవాళ్ళు, వారానికి ఒకసారి మందిరానికి తెచ్చేవాళ్ళు. మధ్యలో అది మానేశాం, కవర్లు వచ్చాక గురుగులు అటక ఎక్కాయి. మళ్ళీ మొదలుపెట్టాం. ఆ బియ్యంలో సగం అయ్యగారింటికి, సగం ఆ వారం ఎవరింట్లో పొయ్యి వెలగలేదో ఆ ఇంటికి. ఇచ్చేవాళ్ళూ తీసుకునేవాళ్ళూ ఒక్కరే, ఈ వారం ఇచ్చినామె వచ్చే వారం తీసుకుంటుంది. ఎవరికీ సిగ్గు లేదు. ఆ గురిగి దగ్గర కూర్చుంటే అపొస్తలుల కార్యాల్లో వాళ్ళు ఎలా బతికారో నాకు కొంచెం అర్థమైంది.

మీ దగ్గరికి నా మనవి ఒక్కటే, అది చెప్పడానికే ఇంత రాశాను. ఈసారి కోత పండుగకు ముందు వచ్చే ప్రభు సంస్కారపు ఆదివారం, రొట్టె, ద్రాక్షరసం ఉంచిన బల్ల దగ్గర నిలబడి మీ నోటితో మీరు చెప్పండి. అప్పు చేసి దశమభాగం తేవొద్దని. కడియాలు, పుస్తెలు కుదువ పెట్టి తేవొద్దని. పిల్లల ఫీజు ఆపి తేవొద్దని. పెట్టుబడి పోను మిగిలితేనే పంటలో భాగమని, మిగలని ఏడు చేతులు జోడించి వచ్చినా దేవుడు తలుపు తీస్తాడని. ఇంట్లో ఏమీ లేనివాళ్ళు సంచిలో వేయడానికి కాదు, సంచిలోంచి తీసుకోవడానికి రమ్మని. సంఘం లెక్క ఎవరడిగినా చూపించండి, మందిరం గోడకు అంటించండి, పౌలు కూడా ఆ సొమ్ము విషయంలో ఎవరూ తప్పు పట్టకుండా ఇంకొకరిని తోడు తీసుకునే నడిచాడు. ఇవి నేను మీటింగుల్లో చెప్తే కొందరు వింటారు. మీరు చెప్తే ఊరంతా వింటుంది. నేను కూతుర్ని, నా మాట మా అమ్మకు ప్రేమ మాట. మీ మాట ఆమెకు దేవుని మాట.

కడియాలు ఇంకా సేటు దగ్గరే ఉన్నాయి. నెలకు 300 రూపాయలు తమ్ముడు కడుతున్నాడు, అసలు అలాగే ఉంది. ఈ సంక్రాంతికి విడిపించాలని నేనూ వాడూ అనుకుంటున్నాం.

మా అమ్మ మందిరంలో ముందు వరుసలో, కుడివైపు గోడకు ఆనుకుని చాప మీద కూర్చుంటుంది. ఆమెకు ఇప్పుడు ఒక చెవి సరిగా వినిపించడం లేదు. ఆ మాట చెప్పేటప్పుడు కొంచెం ఆమె వైపు తిరిగి, కొంచెం గట్టిగా చెప్పండి అయ్యగారూ.

మీ సంఘాల్లో ఒకదానిలో లెక్కలు రాసే,
మీ బిడ్డ